మన వాకిట్లో విమానాశ్రయం



మన చిక్కబళ్ళాపురం జిల్లా గుడిబండెలో సురసద్మగిరి కొండ ఎక్కినవాళ్ళు ముందు కిందికి చూస్తారు. పాలెగాడు బైరేగౌడ పేరు మోస్తున్న అమాని బైరసాగర చెరువు పైనుంచి అచ్చం భారతదేశం పటంలాగా కనిపిస్తుంది. బయటి ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుని దిగిపోతారు. మన ఊరివాళ్ళు మాత్రం పొద్దు గూకేదాకా కోటగోడ మీద కూచుంటారు. చీకటి పడుతుండగా ఉత్తరం దిక్కు నుంచి ఒక దీపం వస్తుంది. దాని వెనక కాస్త ఎడంగా ఇంకొకటి, ఆ వెనక మరొకటి. మన నెత్తిమీదుగా సాగి, నంది కొండ పక్కగా దక్షిణానికి ఒంగిపోతాయి. నా చిన్నప్పుడు ఆ ఆకాశంలో చుక్కలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు చిన్నపిల్లలు కూడా దీపాలు చూసి, ఇది ఢిల్లీది, ఇది హైదరాబాదుది అని పందెం కాస్తున్నారు.

ఆ దీపాలు దిగే చోటు గురించే ఈ పూట మాట్లాడదలచుకున్నాను. కాగితాల మీద దాని పేరు కెంపేగౌడ అంతర్జాతీయ విమానాశ్రయం. మనకది దేవనహళ్ళి ఏర్‌పోర్టు. బెంగళూరువాళ్ళు దాన్ని ఊరికి దూరంగా ఉందంటారు. మనకు అది ఊరికన్నా ముందే వస్తుంది. బాగేపల్లి నుంచి బెంగళూరు పోయే బస్సు ఎక్కండి. చిక్కబళ్ళాపురం, దేవనహళ్ళి దాటాక మొదట ఎదురయ్యేది విమానాశ్రయమే, బెంగళూరులోని హెబ్బాళ చాలా తర్వాతి మాట. అందుకే దాని కథను బెంగళూరు వైపునుంచి కాకుండా మన వాకిట్లో నిలబడి చెప్పుకోవాలని నా కోరిక.

కథ మొదలు కూడా మన వైపే ఉంది. నంది కొండ కింద ముద్దేనహళ్ళి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు. వాళ్ళ ఇంటిపేరులోని మోక్షగుండం ఆంధ్ర దేశంలో ప్రకాశం జిల్లా వైపు ఊరని మీకు తెలిసే ఉంటుంది. బెంగళూరులో మోటారు కార్ల ఫ్యాక్టరీ పెట్టాలని ఆయన 1930లలో గట్టిగా ప్రయత్నించారు. బ్రిటిషు ప్రభుత్వం సహకరించలేదు. ఆ ప్రయత్నంలో ఆయనతో కలిసి నడిచిన వాల్‌చంద్ హీరాచంద్ అనే వ్యాపారి తర్వాత విమానాల వైపు తిరిగాడు. మైసూరు సంస్థానం దివాను సర్ మీర్జా ఇస్మాయిల్ భూమి ఇప్పించారు, సంస్థానం పెట్టుబడిలో చేయి కలిపింది. అలా 1940 డిసెంబరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పుట్టింది. అదే నేటి హెచ్‌ఏఎల్. ఆ ఫ్యాక్టరీ విమానాలు ఎగరడానికి వేసిన రన్‌వేనే తర్వాత కొన్ని దశాబ్దాలపాటు బెంగళూరు ప్రయాణికుల విమానాశ్రయం అయింది.

అంటే ఆ రన్‌వే ప్రయాణికుల కోసం పుట్టింది కాదు. మిలిటరీ విమానాలు, పరీక్షల విమానాలు, వాటి సందులో ప్రయాణికుల విమానాలు. ఊరు పెరిగి పెరిగి దాని గోడల దాకా వచ్చేసింది. 1990 ఫిబ్రవరి 14న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ-320 విమానం అక్కడ దిగబోతూ రన్‌వేకి ముందే నేలను తాకింది. 92 మంది చనిపోయారు. ఆ వార్త రేడియోలో విన్న సాయంత్రం మా నాయన అన్నం ముట్టలేదు. మాకు ఆ విమానంలో ఎవరూ లేరు. అయినా ముట్టలేదు.

కొత్త విమానాశ్రయానికి చోటు వెతకడం 1991లో మొదలైంది. ఎస్. రామనాథన్ నాయకత్వంలోని కమిటీ దేవనహళ్ళి పేరు చెప్పింది. పక్కనే ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు దానికి 44 నంబరు. చుట్టూ రాగులు, ఉలవలు పండే మెట్ట భూములు. చోటు తేలినా పని మాత్రం కదల్లేదు. టాటాలు, అమెరికా రేథియాన్, సింగపూరు చాంగీ విమానాశ్రయం కలిసి 1995లో ఒప్పందానికి వచ్చాయి. అనుమతులు రాక, పాత విమానాశ్రయం ఉంచాలా మూయాలా అన్నది తేలక, విసిగిపోయి 1998లో తప్పుకున్నాయి. తర్వాత జర్మనీ సీమెన్స్, స్విట్జర్లాండు జూరిక్ విమానాశ్రయం, మన లార్సెన్ అండ్ టూబ్రో ముందుకొచ్చాయి. రాయితీ ఒప్పందం మీద సంతకాలు 2004 జులైలో. పునాది పనులు 2005 జులై 2న. చోటు ఎంచినప్పుడు బడిలో చేరిన పిల్ల, పని మొదలయ్యేసరికి డిగ్రీ చదివే వయసుకొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ చుట్టుపక్కల ఊళ్ళ రైతులు తమ భూమి ఉంటుందో పోతుందో తెలియక బోరు వేయించుకోవాలా వద్దా అని ఊగిసలాడారు. ఈ సంగతి విమానాశ్రయ చరిత్రల్లో రాయరు. నా లెక్కలో అది కూడా చరిత్రే.

పని మొదలయ్యాక మాత్రం చకచకా సాగింది. 32 నెలల్లో పూర్తి చేశారు. దాదాపు 4,000 ఎకరాల చోటు. మొదట ఏడాదికి 45 లక్షల మందికి సరిపోతుందని గీసిన పటాన్ని పని నడుస్తుండగానే మార్చి కోటికి పైగా పెంచాల్సి వచ్చింది. ఎందుకంటే ఈలోగా 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టి విమానం టికెట్టును మామూలు మనిషి అందుకునే ధరకు దించాడు. రైలెక్కే జనం విమానమెక్కడం మొదలెట్టారు.

రన్‌వే గురించి రెండు మాటలు. దేవనహళ్ళి సముద్రమట్టానికి సుమారు 915 మీటర్ల ఎత్తు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది. గాలి పలచనైతే రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది. విమానం లేవాలంటే ఎక్కువ దూరం పరుగెత్తాలి. అందుకే మొదటి రన్‌వే 4 కిలోమీటర్లు వేశారు. దాన్ని తూర్పు పడమరలుగా ఎందుకు వేశారో మన రైతును అడిగితే చెప్తాడు. వానకాలం గాలి పడమర నుంచి, చలికాలం గాలి తూర్పు నుంచి. తూర్పారబట్టేటప్పుడు మనం గాలివాటం చూసి చేట పట్టుకుంటాం. విమానం మాత్రం గాలికి ఎదురు నిలిచి లేస్తుంది, ఎదురు నిలిచే దిగుతుంది. అందుకే దిగే విమానాలు దొడ్డబళ్ళాపురం వైపునుంచో, విజయపుర వైపునుంచో వస్తాయి. మన గుడిబండె మీద అవి ఇంకా ఎత్తులోనే ఉంటాయి.

2008 మే 23 అర్ధరాత్రి దాటగానే పాత హెచ్‌ఏఎల్ విమానాశ్రయం ప్రయాణికులకు మూతపడింది, 24న దేవనహళ్ళి తెరుచుకుంది. నిజానికి మార్చిలోనే తెరవాల్సింది, రెండుసార్లు తేదీ వెనక్కి పోయింది. సరిగ్గా రెండు నెలల ముందు, మార్చి 23న, హైదరాబాదులో బేగంపేట మూసి శంషాబాదు తెరిచారు. దాన్ని కట్టింది రాజాం నుంచి వచ్చిన గ్రంథి మల్లికార్జునరావుగారి జీఎంఆర్. పాత విమానాశ్రయాలు మూయొద్దని ఆ మార్చిలో విమానాశ్రయాల సిబ్బంది దేశమంతటా సమ్మె కూడా చేశారు. అయినా ఒప్పందాలే నెగ్గాయి. దేవనహళ్ళి ఒప్పందంలో ఇంకో గట్టి షరతుంది. చుట్టూ 150 కిలోమీటర్ల వైమానిక దూరంలో, మైసూరు, హాసన మినహా, 25 ఏళ్ళ దాకా ఇంకో అంతర్జాతీయ విమానాశ్రయం రాకూడదు. అది 2033లో తీరుతుంది. హొసూరులో విమానాశ్రయం కడతామని తమిళనాడు 2024లో ప్రకటించగానే అందరూ వెతికి చదివింది ఆ షరతునే.

దేవనహళ్ళి తెరిచిన రోజులంటే ఇంకో ముచ్చట కూడా మనకు గుర్తుంటుంది. 2007లో కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్ళాపురం జిల్లా అయింది. ఏడాది తిరక్కుండానే గడపలో విమానాశ్రయం. కొత్త జిల్లా, కొత్త ఏర్‌పోర్టు, ఇక మన పిల్లలు గార్మెంట్ ఫ్యాక్టరీలకు బెంగళూరు పీణ్య దాకా పోనక్కర్లేదని అప్పట్లో ప్రతి రచ్చకట్ట మీదా అనుకున్నాం.

దాని యాజమాన్యంలోకి తెలుగువాళ్ళూ వచ్చారు. 2009లో హైదరాబాదు జీవీకే సంస్థ జూరిక్ నుంచీ లార్సెన్ నుంచీ వాటాలు కొన్నది. 2017లో జీవీకే నుంచి ఆ వాటాలు కెనడా సంస్థ ఫెయిర్‌ఫాక్స్ చేతికి పోయాయి. దాని అధినేత ప్రేమ్ వత్స కెనడాలో స్థిరపడినా పుట్టింది హైదరాబాదులోనే.

పెరగడం మాత్రం ఎవరి చేతిలో ఉన్నా ఆగలేదు. 2013 డిసెంబరు 14న టెర్మినల్‌ను పెద్దది చేసి, అదే రోజు కెంపేగౌడ పేరు పెట్టారు. 2019 డిసెంబరులో రెండో రన్‌వే వచ్చింది. 2022 నవంబరు 11న 108 అడుగుల కెంపేగౌడ కంచు విగ్రహాన్నీ, రెండో టెర్మినల్‌నూ ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. విగ్రహం రూపొందించింది రామ్ సుతార్. ఆ రెండో టెర్మినల్ నేను ఒకసారి లోపలికి పోయి చూశాను. పైకప్పు నిండా వెదురు, వేలాడే తీగలు, నీళ్ళ చప్పుడు. ఇంత పెద్ద కట్టడంలో వెదురు చూస్తే మనసు చల్లబడింది. 2024-25లో ఆ విమానాశ్రయం మీదుగా 4 కోట్ల 18 లక్షల మందికి పైగా ప్రయాణించారు.

కెంపేగౌడ పేరు పెట్టినందుకు మనం మరీ సంతోషించాలి. బెంగళూరును 1537లో కట్టించిన ఆయన వంశం మొదలైంది ఆవతిలో. దేవనహళ్ళి దాటి చిక్కబళ్ళాపురం వచ్చే దారిలో ఆవతి బస్సులోంచే కనిపిస్తుంది. ఆ పాలెగాళ్ళ వంశంవాళ్ళే దేవనహళ్ళినీ, చిక్కబళ్ళాపురాన్నీ నిలబెట్టారు. కెంపేగౌడ తెలుగులో గంగాగౌరీ విలాసమనే యక్షగానం రాశాడని ప్రతీతి. కన్నడం నోట, తెలుగు ఇంట ఉన్న మన సీమ మనిషి ఆయన. విమానం దిగే ప్రతివాడూ మొదట చూసే పేరు మన సీమదే.

ఇక మన పంటల మాట. మా అక్క కొడుకు కార్గోలో పని చేస్తున్నాడు. రాత్రి షిఫ్టు. ఫిబ్రవరి మొదటి వారం వస్తే వాడికి ఇంటి మొహం చూసే తీరిక ఉండదు. ప్రేమికుల రోజుకు గులాబీలు పోవాలి. ఆ వారంలో ఒకసారి చిక్కబళ్ళాపురం దగ్గర పాలీహౌసుకు పోయాను. తెల్లవారుజాము నాలుగున్నర. ఆడవాళ్ళు తలకు తువ్వాలు చుట్టుకుని, నుదుటి మీద లైటు కట్టుకుని వరసల్లో నిలబడి ఉన్నారు. మొగ్గ బిగువుగా ఉండాలి. బయటి రేక ఒక్కటి వదులైనప్పుడే కోయాలి. ఇంకొంచెం ఆగితే పువ్వు లండన్ చేరేసరికి రాలిపోతుంది, ముందే కోస్తే విచ్చుకోదు. ఒకామె మొగ్గను వేళ్ళతో పట్టుకోకుండా వేలి వెనక వైపుతో తాకి చూస్తోంది. ఎందుకమ్మా అలా అంటే, "వేలి కొసతో పడితే మచ్చ పడుతుందన్నా, రేపటికి నల్లగా అయిపోతాది" అంది.

కోసిన కాడ వెంటనే బకెట్లో నీళ్ళలోకి. అక్కడినుంచి రెండు మూడు డిగ్రీల చల్లటి గదిలోకి. కాడల పొడుగు చూసి వేరు చేస్తారు. ఇరవై కాడలు ఒక కట్ట, ముడతల అట్ట చుట్టి, పొడుగాటి పెట్టెలో తలలు అటూ ఇటూ పెట్టి పేరుస్తారు. చల్లదనం తప్పని లారీ ఎక్కితే గంటలో దేవనహళ్ళి. "మామా, మే నెల ఎండలో కూడా ఆ గదిలో స్వెట్టరు వేసుకోవాల్సిందే" అంటాడు మా వాడు. పాడయ్యే సరుకు ఎగుమతిలో దేశంలోనే మొదటి వరసలో నిలిచే విమానాశ్రయం ఇది. గులాబీలు, కూరగాయలు, శ్రీనివాసపురం వైపు మామిడి, అన్నీ రాత్రుళ్ళు ఆ చల్లటి గదుల మీదుగానే పోతాయి. పువ్వు కోసిన చేతికి రోజుకు ఎంత ముడుతుందో, అదే పువ్వు అవతల ఎంతకు అమ్ముతారో ఆ తేడా నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

చలికాలంలో మన వైపు పొగమంచు ఎంత దట్టంగా పడుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఎదురుగా వచ్చే ఎద్దుల బండి కూడా దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున దేవనహళ్ళిలోనూ అంతే. ఒకప్పుడు 550 మీటర్లు కనిపిస్తే గానీ విమానం దిగడానికి వీలు లేదు. విమానాలు మద్రాసుకో హైదరాబాదుకో మళ్ళేవి. 2020 చివర్లో దక్షిణ రన్‌వే మీద కొత్త దారిచూపు పరికరాలు పెట్టాక 50 మీటర్లు కనిపించినా దిగగలుగుతున్నాయి. నంది కొండ మీద మంచు చూడడానికి జనం మన వైపు పరుగెత్తుకొస్తుంటే, ఆ మంచునే గెలవడానికి కింద ఇంత శ్రమ పడ్డారు.

భూమి సంగతి చెప్పకుండా ఈ మాటలు ముగించలేను. విమానాశ్రయం ఉంటే దాని చుట్టూ ఫ్యాక్టరీలు కావాలంటారు. ఏరోస్పేస్ పార్కు కోసం దేవనహళ్ళి తాలూకా చన్నరాయపట్టణ హోబళిలో 13 ఊళ్ళ 1,777 ఎకరాలు తీసుకుంటామని ప్రభుత్వం నోటీసులిచ్చింది. అక్కడ పండేవి ద్రాక్ష, పట్టు, కూరగాయలు, పాలు. రైతులు 2022 ఏప్రిల్ 4న ధర్నాకు కూచున్నారు. ముసలమ్మలు కూడా టెంటు కిందే రాగిముద్ద కలుపుకుని తిన్నారు. మూడేళ్ళు దాటింది. 2025 జులై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ భూసేకరణ మొత్తం విరమించుకుంటున్నట్టు ప్రకటించారు. విమానాశ్రయం కావాలని మనస్ఫూర్తిగా కోరుకునేవాణ్ణి నేను. ఆ రోజు రైతులు గెలిచినందుకూ అంతే మనస్ఫూర్తిగా సంతోషించాను. ఈ రెండింటికీ పొంతన కుదరదనేవాళ్ళు ఆ 13 ఊళ్ళ పట్టుగూళ్ళు ఎక్కడికి పోతున్నాయో, ఆ కూరగాయలు ఏ విమానం ఎక్కుతున్నాయో చూడాలి. విమానాశ్రయాన్ని నింపేది కూడా ఆ పొలాలే.

పోయినేడు మా చెల్లెలి కూతురు నర్సు ఉద్యోగానికి గల్ఫు పోతుంటే వీడ్కోలు ఇవ్వడానికి పోయాను. బస్సు రహదారి మీదే దింపింది. రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక బియ్యం సంచిలో ఊరగాయ జాడీలు. ఫ్లైఓవరు కింద ఎండలో నలభై నిమిషాలు నిలబడ్డాం. మన పొలాల మీదినుంచి గంటకు ఇన్ని విమానాలు పోతున్నాయి, కానీ మనం వాటి దగ్గరికి పోవడానికి మాత్రం ఆటో కోసం చెయ్యి ఊపుతున్నాం.

దీనికి దారి ఉంది. విమానాశ్రయం గోడ పక్కనుంచే రైలు పట్టాలు పోతాయి. 2021 జనవరిలో అక్కడ చిన్న స్టేషను కూడా తెరిచారు. ఆ పట్టాలు దేవనహళ్ళితో ఆగవు. చిక్కబళ్ళాపురం, శిడ్లఘట్ట, చింతామణి మీదుగా కోలారు దాకా ఉన్నాయి. బెంగళూరు ఉపనగర రైలు పథకంలో నాలుగు దారులకూ పూల పేర్లే పెట్టారు. సంపిగె, మల్లిగె, పారిజాత, కనక. దేవనహళ్ళికి వచ్చే దారి పేరు సంపిగె. పూలు పండించే సీమకు అది దేవనహళ్ళిలో ఆగిపోతే ఎట్లా?

కాబట్టి మన జిల్లా ప్రజాప్రతినిధులకూ, రైల్వే అధికారులకూ, రవాణా సంస్థకూ ఈ వేదిక మీదినుంచి నా విన్నపం ఇది. సంపిగె దారిని చిక్కబళ్ళాపురం దాకా తీసుకురండి. ఉన్న పట్టాల మీద చింతామణి నుంచి విమానాశ్రయం స్టేషనుకు, పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు మారే వేళలకు సరిపడేలా రైళ్ళు నడపండి. రైలు లేని బాగేపల్లి, గుడిబండెల నుంచి పేరేసంద్ర క్రాసు మీదుగా టెర్మినల్ తలుపు దాకా వేళ తప్పని బస్సు వేయండి. శ్రోతలారా, మీ పంచాయతీలో వచ్చే గ్రామసభకు ఈ మూడు కోరికలూ రాసి ఇవ్వండి. మీ ఇంట్లో కార్గోలోనో, క్యాంటీన్లోనో, టెర్మినల్లోనో పనిచేసే పిల్లలుంటే వాళ్ళ సంతకం ముందు పెట్టించండి.